ముందు బడ్జెట్, తర్వాతే దరఖాస్తు

గ్రాంట్ల మీద ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగితే ఉత్తరాలు, మెయిళ్లు చాలానే వచ్చాయి. నేను అనంతపురం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉండగా ఏళ్ల తరబడి దరఖాస్తులు రాశాను. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక ట్రస్టు కమిటీలో కూర్చుని, వచ్చిన దరఖాస్తులు చదివి ఎవరికి ఇవ్వాలో తేల్చే పని చేశాను. అందుకే చదివేవాళ్ల కన్ను ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ దాటిపోతుందో చెప్పగలను. ఊరి పేరు చాలు, తమ పేర్లు వద్దని చాలామంది కోరారు. అలాగే ఇస్తున్నాను.

ప్రశ్న: సీతంపేట వైపు ఆరు గిరిజన గ్రామాల్లో సాయంత్రం చదువు కేంద్రాలు నడుపుతున్నాం. మా సొసైటీకి ఐదేళ్లు నిండాయి. ఒక పెద్ద కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) విభాగానికి రెండుసార్లు దరఖాస్తు పెట్టాం, 15 లక్షలు అడిగాం. రెండుసార్లూ 'ప్రస్తుతం పరిశీలించలేము' అని ఒక్క లైను మెయిల్ వచ్చింది. దరఖాస్తు కాపీ జతచేశాను. లోపం ఎక్కడుందో చెప్పండి.
– ఒక పాఠకుడు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ దరఖాస్తు, దానితోపాటు నాకు రాసిన ఉత్తరం రెండూ చదివాను. ఉత్తరం చాలా బాగుంది. ఆ ఉత్తరంలో ఉన్నది దరఖాస్తులోకి రాలేదు, లోపమంతా అక్కడే ఉంది.

దరఖాస్తు మొదటి పేజీ తీయండి. 'విద్య ప్రతి బిడ్డ జన్మహక్కు, దేశ ప్రగతికి విద్యే పునాది' అని మొదలుపెట్టి పేజీ చివరిదాకా అలాగే వెళ్లారు. అందులో ఒక్క మాటా తప్పు లేదు. కానీ ఆ పేజీ మీద సంస్థ పేరు మార్చి గుంటూరు నుంచి పంపినా, గుల్బర్గా నుంచి పంపినా సరిపోతుంది. రోజుకు పాతిక దరఖాస్తులు చదివే మనిషి అలాంటి పేజీ మీద అర నిమిషం కూడా ఆగరు.

నాకు రాసిన ఉత్తరంలో మాత్రం ఇలా ఉంది. జూన్‌లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 150 మందికి చిన్న పరీక్ష పెడితే, 97 మందికి రెండంకెల తీసివేత రాలేదు. ఆ పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు, బడిలో లెక్క తెలుగులో వినాలి. కేంద్రాలు నడిపే ఆరుగురు అమ్మాయిలూ ఇంటర్ దాకా చదువుకున్న సవర పిల్లలే. లెక్క ముందు సవరలో చెప్పి, పిల్లలకు అందాక తెలుగులోకి తెస్తారు. ఇంత విలువైన సంగతి మీ దరఖాస్తు పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు! నిజంగా మనసు చివుక్కుమంది. మీ దగ్గర ఉన్న బలమే అది. ఆ ఆరుగురు అమ్మాయిల్లాంటి వాళ్లు హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో వచ్చే ఏ సంస్థ దగ్గరా ఉండరు.

మొదటి పేరా ఇలా రాసి చూడండి:

'సీతంపేట ప్రాంతంలోని ఆరు గ్రామాల్లో 3, 4, 5 తరగతుల పిల్లలు 150 మంది ఉన్నారు. జూన్‌లో మేం పెట్టిన పరీక్షలో వారిలో 97 మంది రెండంకెల తీసివేత చేయలేకపోయారు. వీరి ఇంటి భాష సవర, బడి భాష తెలుగు. ఇదే గ్రామాల నుంచి వచ్చిన, ఇంటర్ చదివిన ఆరుగురు యువతులు రోజూ సాయంత్రం గంటన్నర రెండు భాషల్లో లెక్కలు, చదవడం నేర్పుతున్నారు. వచ్చే ఏడాది ఈ కేంద్రాలు నడపడానికి 7,46,000 రూపాయలు కోరుతున్నాం.'

ఎవరు, ఎక్కడ, ఏం కష్టం, ఏం చేస్తారు, ఎంత కావాలి. ఐదు వాక్యాల్లో అన్నీ వచ్చేశాయి. సంస్థ చరిత్ర, అవార్డులు, ఫొటోలు ఆ తర్వాత.

ఇక ఆ 7,46,000 ఎక్కడిదని అడుగుతారు. మీరు గుండుగుత్తగా 15 లక్షలు అడిగారు. 'సిబ్బంది 8 లక్షలు, సామగ్రి 4 లక్షలు, ఇతరములు 3 లక్షలు' అని మూడు లైన్లలో బడ్జెట్ ముగించారు. 'ఇతరములు' దగ్గరే చదివేవాళ్లకు అనుమానం మొదలవుతుంది. మీ ఉత్తరంలో అక్కడక్కడా చెప్పిన ఖర్చులన్నీ ఏరి నేను కూడాను. కేంద్రం నడిపేవాళ్లు ఆరుగురికి నెలకు 6,000 చొప్పున పది నెలలకు 3,60,000. పర్యవేక్షకుడికి నెలకు 15,000 చొప్పున ఏడాదికి 1,80,000. అతని బండి పెట్రోలు నెలకు 2,500 చొప్పున 30,000. పుస్తకాలు, పలకలు, నోట్‌బుక్కులు బిడ్డకు 400 చొప్పున 60,000. కేంద్రానికో సోలార్ దీపం 4,500 చొప్పున 27,000. ఏడుగురికి నాలుగు రోజుల శిక్షణ, రోజుకు మనిషికి 500 చొప్పున 14,000. జూన్‌లో, మార్చిలో పరీక్షలకు 12,000. లెక్కలు రాసే పార్ట్ టైమ్ అకౌంటెంటుకు నెలకు 4,000 చొప్పున 48,000. ఆడిట్ ఫీజు 15,000. మొత్తం 7,46,000. బిడ్డకు ఏడాదికి ఐదు వేల లోపే!

చూశారా, అడిగినదాంట్లో సగంతో పని అయిపోతోంది. తక్కువ అడగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నిజంగా 15 లక్షలు పడితే 15 లక్షలే అడగండి, కానీ ఏ రూపాయి ఏ గ్రామంలో ఏ పనికో చూపించండి. అందుకే నేనెప్పుడూ ముందు బడ్జెట్ రాయమంటాను. బడ్జెట్ రాస్తుంటే పర్యవేక్షకుడు వారానికి ఎన్ని కేంద్రాలు తిరగగలడు, కరెంటు పోతే ఏం చేస్తారు, మే నెలలో కేంద్రాలు ఉంటాయా ఉండవా లాంటివన్నీ తేలతాయి. అవి తేలాక దరఖాస్తు రాయడం ఒక రోజు పని.

ఫలితాల దగ్గర 'అందరినీ నూరు శాతం అక్షరాస్యులను చేస్తాం' అన్నారు. నమ్మరు తమ్ముడూ. ఆ 97 మందిలో మార్చి నాటికి కనీసం 65 మందికి తీసివేత వచ్చేలా చేస్తామని, అదే పరీక్ష మళ్లీ పెట్టి చూపిస్తామని రాయండి. పత్తి, జీడి పనుల కాలంలో కొందరు పిల్లలు మానేస్తారని మీకు తెలుసు కదా, అదీ రాయండి. కష్టం ముందే చెప్పిన సంస్థ మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంకొకటి, మీరు అడిగిన కంపెనీకి మీ జిల్లాలో గానీ పక్క జిల్లాలో గానీ ప్లాంటు ఉందా? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతాల చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలు కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అవి ఒక పూట కూర్చుని చదవండి. ఆ కంపెనీ డబ్బంతా మంచినీళ్లకు, ఆసుపత్రులకు పోతుంటే మీ చదువు కేంద్రాలు వాళ్లకు పట్టవు. విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్లాంట్లు ఉండి, బడుల మీద ఇప్పటికే ఖర్చు పెడుతున్న కంపెనీలు వెతకండి. కొత్త ఆర్థిక సంవత్సరం ప్రణాళిక తయారయ్యే ముందే, అంటే డిసెంబరు, జనవరి కల్లా వాళ్ల చేతిలో కాగితం ఉండాలి. మీరు రెండుసార్లూ మేలో పంపారు. అప్పటికి ఆ ఏడాది పద్దులు చాలావరకు కుదిరిపోయి ఉంటాయి.

కాగితాలు కూడా సరిచూసుకోండి. బయటి సంస్థలు సీఎస్ఆర్ పని చేయాలంటే ఆదాయపన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవడం తప్పనిసరి. మీ జాబితాలో ఆ నంబరు నాకు కనబడలేదు. అది లేకుండా ఎంత బాగా రాసినా కంపెనీ డబ్బు ఇవ్వడానికి వీల్లేదు. చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి, మీ ఆఫీస్ బేరర్ డిజిటల్ సంతకం కావాలి. ఈ వారమే ఆ పని మొదలుపెట్టండి.

ప్రశ్న: మానసిక వికలాంగులైన పిల్లలకు ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఇచ్చే కేంద్రం నడుపుతున్నాం. జీతాలు అడిగితే గ్రాంటు రాదు, కంప్యూటర్లు, ఫర్నిచర్ అని పెట్టండి అని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అలా చేయకండమ్మా. మీ కేంద్రంలో పని అంటేనే థెరపిస్టు చేతులు. ఆవిడకు జీతం లేకపోతే ఆ కంప్యూటర్లతో పిల్లలకు ఒరిగేదేమిటి? పైగా ఫర్నిచర్ పేరున తెచ్చిన డబ్బు జీతాలకు ఇస్తే ఆడిట్‌లో దొరికిపోతారు, ఆ దాత మళ్లీ మీ గడప తొక్కడు.

ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు. సీఎస్ఆర్‌లో పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదని ఒక నిబంధన ఉంది. అది కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చుకు వర్తించేది. మీ థెరపిస్టు జీతానికీ దానికీ సంబంధం లేదు. విదేశీ నిధుల విషయంలోనూ ఇదే గందరగోళం. 2020 సవరణతో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద పరిపాలన ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. అయితే ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం లాంటివి, అంటే సంస్థ ఆశయం కోసం నేరుగా పనిచేసేవాళ్ల జీతాలు, పరిపాలన ఖర్చు కిందికి రావని ఆ నిబంధనల్లోనే ఉంది.

కాబట్టి బడ్జెట్‌లో 'జీతాలు' అని ఒకే లైను రాయకండి. 'స్పీచ్ థెరపిస్టు, వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిదిమంది పిల్లలు, నెలకు ఇంత' అని రాయండి. చదివేవాళ్లకు అక్కడ జీతం కాదు, పిల్లలకు అందే గంటలు కనబడతాయి. ఆఫీసు అద్దె, అకౌంటెంటు, కరెంటు బిల్లు మాత్రం విడిగా, ఉన్నదున్నట్టు చూపించండి. ఆ ఖర్చు దాచినవాళ్లని చూస్తే నాకు జాలి వేస్తుంది. ఏడాది చివర్లో సొంత బంగారం తాకట్టు పెట్టి అద్దె కట్టిన నిర్వాహకులను చూశాను.

ప్రశ్న: మా తాతల కాలంలో, 1930లలో పెట్టిన గ్రంథాలయం మా ఊళ్లో ఉంది. రెండు బీరువాల నిండా తాళపత్రాలు, పాత మాసపత్రికల బైండ్లు ఉన్నాయి. పైకప్పు కురుస్తోంది. ఏ గ్రాంటుకు పెట్టాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కోనసీమ

జవాబు: మాస్టారూ, నమస్కారం. ముందు ఆ బీరువాలను గోడకు దూరంగా జరిపి, తాళపత్రాలను కురవని గదిలోకి మార్పించండి. గ్రాంటు వచ్చేసరికి ఒక వానాకాలం గడిచిపోతుంది.

మీరు ఒక్క దరఖాస్తులో మూడు పనులు కలిపేశారు. వాటికి మూడు వేర్వేరు గుమ్మాలు. ప్రజా గ్రంథాలయాలకు పుస్తకాలు, బీరువాలు, భవనం మరమ్మతుల కోసం సాయం చేసేది కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్. 1972 నుంచి ఉంది, కేంద్ర సంస్కృతి శాఖ కింద పనిచేస్తుంది. రాష్ట్ర గ్రంథాలయ శాఖ వాళ్లను కలిసి, ఏ పథకం కింద మీ లైబ్రరీ వస్తుందో కనుక్కోండి.

తాళపత్రాలకు దారి వేరు. 2003లో మొదలై, 2025లో 'జ్ఞాన భారతం'గా మారిన జాతీయ రాతప్రతుల మిషన్ నిర్వచనం ప్రకారం రాతప్రతి అంటే చేత్తో రాసినది, కనీసం 75 ఏళ్లు దాటినది. అచ్చయినవి ఎంత పాతవైనా దాని కిందికి రావు. మీ మాసపత్రికల బైండ్లను అక్కడ కలిపి రాస్తే మొత్తం కాగితమే పక్కకు పోతుంది. అచ్చు పత్రికలకైతే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ప్రమాదంలో ఉన్న ఆర్కైవుల కార్యక్రమం లాంటివి ఉన్నాయి. వాళ్లు డిజిటల్ ప్రతులు తీయడానికి డబ్బిస్తారు, అసలు ప్రతులు మన దేశం దాటవు. దరఖాస్తు రెండు విడతలు, ముందు చిన్నది, అది నచ్చితే పెద్దది. పైకప్పు గురించి వాళ్లకు రాసి లాభం లేదు.

ఎవరికి రాసినా అడిగేది ఒక్కటే: మీ దగ్గర ఏముంది? 'అమూల్యమైన తాళపత్రాలు అనేకం' అన్నారు. నాకు మీ బాధ అర్థమైంది కానీ, తెలియనివాళ్లకు ఆ 'అనేకం' ఏమీ చెప్పదు. డిగ్రీ చదివే పిల్లలను ఇద్దరిని పిలిచి ఒక నోట్‌బుక్కులో గళ్లు గీయించండి. కట్ట నంబరు, పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో, ఆకులెన్ని, లిపి ఏది, గ్రంథం పేరు తెలిస్తే పేరు, రెండు వైపులా చెక్క పలకలు ఉన్నాయా, తాడు వేసే రంధ్రం దగ్గర చిట్లిందా, ఎన్ని ఆకులు పురుగు తిన్నాయి. పక్కన స్కేలు పెట్టి కట్టకొక ఫొటో. నిమ్మగడ్డి నూనె అనో మరొకటనో ఎవరో చెబితే ఆకులకు మీరే పూయకండి, ఏ ఆకుకు ఏది పూయాలో చూసి చెప్పే సంరక్షకులు ఉంటారు. ఆ పట్టికలో ముప్పై కట్టల వివరాలు నింపాక దరఖాస్తు మొదటి పేజీ మీకే దొరుకుతుంది. ఈ పని జరిగితే నాకు తప్పకుండా రాయండి మాస్టారూ, పట్టిక చూడాలని ఉంది.

ప్రశ్న: మేము డ్వాక్రా గ్రూపు వాళ్లం. జొన్న, కొర్ర పిండి, మురుకులు చేసి అమ్ముతాం. కేంద్ర పథకంలో 35 శాతం గ్రాంటు వస్తుందట కదా. దరఖాస్తు ఎలా రాస్తే వస్తుంది?
– ఒక పాఠకురాలు, నంద్యాల జిల్లా

జవాబు: మీరు చెప్పేది 2020 జూన్‌లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకం, చిన్న ఆహార యూనిట్ల కోసం పెట్టినది. గడువులు పొడిగిస్తూ వచ్చిన పథకం కాబట్టి ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి. ఇందులో డబ్బు ఎలా నడుస్తుందో తెలుసుకుంటే ఎలా రాయాలో కూడా తెలుస్తుంది. యూనిట్ ఖర్చు 6 లక్షలనుకోండి. 35 శాతం అంటే 2,10,000 సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఉంటుంది. మీరు పెట్టుకోవాల్సింది కనీసం 10 శాతం, అంటే 60,000. మిగతాది బ్యాంకు లోను. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులో మీ పేరున విడిగా ఉంటుంది. లోను చివరి విడత ఇచ్చాక మూడేళ్లు యూనిట్ నడిచి, కిస్తీలు సక్రమంగా కట్టి ఉంటే అప్పుడు లోనుకు జమ అవుతుంది.

అంటే మీ దరఖాస్తును జాగ్రత్తగా చదివేది బ్యాంకు మేనేజరు. ఆయనకు 'మహిళా సాధికారత' అని రెండు పేజీలు అక్కర్లేదు. రోజుకు ఎన్ని కిలోల జొన్నలు ఆడిస్తారు, కిలో ఎంతకు కొంటారు, పిండి ఎంతకు అమ్ముతారు, ఏ షాపులు తీసుకుంటున్నాయి, నెలకు కరెంటు ఎంత, అన్నీ పోను కిస్తీకి ఎంత మిగులుతుంది. ఇది రాయండి. ఇప్పుడు మీరు చేత్తో రాసుకుంటున్న అమ్మకాల నోట్‌బుక్కు జిరాక్సు తప్పకుండా జతచేయండి. దాన్ని మించిన రుజువు లేదు. మిషన్ కొటేషన్ ఒక్కటే కాకుండా రెండు చోట్ల తీసుకోండి.

యూనిట్ ఇప్పుడే వద్దనుకుంటే, సభ్యురాలికి 40,000 దాకా సీడ్ క్యాపిటల్ (మొదటి పెట్టుబడి) కూడా ఈ పథకంలోనే ఉంది. అది సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది, మీకు అప్పుగా ఇస్తారు, తిరిగి కట్టాలి. ఉచితమనుకుని తీసుకుని తర్వాత టెన్షన్ పడిన గ్రూపులున్నాయి, అందుకే ముందే చెబుతున్నాను. దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసి పెట్టడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఒకరుంటారు. వారికి ప్రతిఫలం పథకం నుంచే వస్తుంది, మీరు డబ్బు ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: మాకు ఇంగ్లిష్ అంతగా రాదు. ఏఐతో రాయించుకోవచ్చా? ఒక కన్సల్టెంటు తానే రాసి గ్రాంటు ఇప్పిస్తానని, వచ్చినదాంట్లో 10 శాతం ఇమ్మంటున్నాడు. ఏది మేలు?
– యువజన సంఘం, సూర్యాపేట జిల్లా

జవాబు: ఆ కన్సల్టెంటు మాట ముందు చెబుతాను. వద్దు. ఆ 10 శాతం ఏ లైనులో చూపిస్తారు? పిల్లల పుస్తకాల్లోంచో, వలంటీర్ల జీతాల్లోంచో కోసి దొంగ బిల్లు పెట్టాల్సిందే. ఇప్పిస్తానని హామీ ఇచ్చేవాడిని అసలే నమ్మకండి, తేల్చేది కమిటీ. మీ సంస్థ ఒరిజినల్ కాగితాలు, డిజిటల్ సంతకం టోకెన్, పోర్టల్ పాస్‌వర్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. రాతపనికి సాయం కావాలంటే పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని, మీ సొంత నిధుల నుంచి రసీదు తీసుకుని ఇవ్వండి.

ఇంగ్లిష్ గురించి బెంగ పడకండి. ముందు తెలుగులో రాయండి, మీ సంఘంలో నలుగురూ కూర్చుని బయటికి చదవండి. 'ఇది మనం చేస్తున్నది కాదే' అని ఎవరైనా అన్న చోటల్లా కొట్టేయండి. అలా తేలిన కాగితాన్ని ఏఐతో ఇంగ్లిష్‌లోకి మార్పించుకుంటే తప్పేమీ లేదు, ఇంగ్లిష్ టీచరెవరైనా ఒకసారి చూస్తే మరీ మంచిది. 'యువత మీద మంచి దరఖాస్తు రాయి' అని దాన్నే అడిగితే మాత్రం అంకెలు కూడా అదే కల్పించి ఇస్తుంది. ఫీల్డు విజిట్‌కు వచ్చినవాళ్లు ఆ అంకె ఎక్కడిదని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. ఈమధ్య ఒకే రకం వాక్యాలతో దరఖాస్తులు కుప్పలుగా వస్తున్నాయి. మీ ఊరి చెరువు పేరు, మీరు పెట్టిన రక్తదాన శిబిరం తేదీ, వచ్చినవాళ్ల సంఖ్య ఉన్న పేజీ ఆ కుప్పలో విడిగా కనబడుతుంది.

మీ ఉత్తరం చివర, గ్రాంటు అయిపోయాక ఎలా నడుపుతారన్న గడిలో ఏం రాయాలని కూడా అడిగారు. 'స్వయం సమృద్ధి సాధిస్తాం' అని అందరూ రాస్తారు. మీ సంఘంలో 40 మంది నెలకు 50 రూపాయలు వేస్తున్నారన్నారు కదా, అంటే ఏడాదికి 24,000. లైబ్రరీ గది అద్దె నెలకు 1,500, ఏడాదికి 18,000. గ్రాంటు ఆగినా గది ఆగదని, పుస్తకాలు కొనడం మాత్రం తగ్గుతుందని రాయండి. చందా పుస్తకం కాపీ కింద పెట్టండి.